హబీబు కూతురు

ఎర్రగుంట్ల నుంచి కడపకు పోయే దారిలో, వాగు మీది వంతెనకు ఇవతల, మిట్టమధ్యాహ్నం లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. సిమెంటు మూటల లోడుతో ఉన్న హబీబు లారీ వాటి నడుమ ఇరుక్కుంది. క్యాబిన్‌లో ముగ్గురు: స్టీరింగు ముందు హబీబు, పక్కన పదహారేళ్ల కూతురు శిరీన్, కిటికీ వైపు హబీబు తల్లి షంషాద్ బీ.

“అదిగాదు నాయనా, ఇంగ ఇట్లే ఉంటే సందేల అయితాది. నా హాస్టలు గేటు మూసేస్తారు. ఇంటికి పోదామా?”

“ఎట్ల పోదాం మ్మే? ముందర బండి, ఎనక బండి. నేనేమన్నా సైకిలు తోల్తాండానా, ఎత్తి తిప్పుకోడానికి?”

“నడుచుకోని పోదాం.”

“ఈ ఎండలో? మెడ ఆపరేషనయిన పిల్లవు, పెట్టె నెత్తిన పెట్టుకోని ఎర్రగుంట్ల దాకా నడుస్తావా?”

“ఆపరేషనయి ఏడాది కావస్తాంది.”

“అదే నేను చెప్పేది. బాగయింది గదా. బాగయింది గాబట్టే పోతాండాం. గమ్మునుండు, దావ ఇస్తారు.”

“రేయ్ హబీబు, అది ఇంటికి పోదామంటాంది రా.”

“ఆలస్యమైతాదేమో అని అంటాందిలే అమ్మా. అంతే.”

“నాకు చెవుడు ల్యా. ఇంటికి అనింది.”

“నువ్వు ఊరికేనుండు జేజీ.”

“పొద్దున్నుంచి ఊరికేనే ఉండా. మీ యమ్మ ఏడ్సుకుంటా పోయి వాకిలి ఏసుకునె, ఊరికేనే ఉంటి. మీ నాయన ఒగ ముక్క మాట్లాడకుండా బండెక్కె, ఊరికేనే ఉంటి. నువ్వు అన్నం కలుపుకోని ఎంగిలి గూడా పడకుండా చెయ్యి కడుక్కుంటివి, అప్పుడూ ఊరికేనే ఉంటి. ఇంగెంత ఊరికే ఉండమంటావు?”

“ఆకలి కాల్యా జేజీ.”

“నాకు తెల్సులే ఆకలి ఎట్ల ఉంటాదో. రేయ్, ముందర ఏమయిందో కనుక్కో పో. అందురూ దిగి పోతాండారు చూడు.”

“ఏముంటాది. ఏదో బండి ఆగిపోయింటాది.”

“ఆగిపోతే ఇంతమంది పరిగెత్తుతారా?”

“బండి ఇడిసి యాడ పోయేది అమ్మా.”

“నేను దిగి చూసొస్తా నాయనా.”

“నువ్వు దిగొద్దు.”

“ఊరికే అట్ల పోయి...”

“దిగొద్దంటి గదా. క్యాబిను శానా ఎత్తు. దూకితే మెడకు అదురు తగుల్తాది.”

“దూకను. మెట్టు మింద కాలు పెట్టి దిగుతా.”

“బాగుండాది రా నీ మాట. ఈ క్యాబిను మింద నుంచి దిగితే మెడకు తగుల్తాది. ఆడ హాస్టల్లో ఇనప బార్లు పట్టుకోని గాల్లో తిరిగి దూకితే తగలదా?”

“అది వేరే అమ్మా. ఆడ కింద మెత్త ఉంటాది. నేర్పించే మేడం పక్కనే ఉంటాది.”

“పోయినసారి లేదా మెత్త?”

“ఉండింది జేజీ.”

“మేడం?”

“మేడం గూడా ఉండింది. చెయ్యి జారె. మెత్త అంచు మింద తలకిందులుగా పడితి. ఆ యమ్మ పట్టుకోను వచ్చింది, అందల్యా.”

“మరి ఏం వేరే రా హబీబు?”

“అమ్మా, నీకు తెలీదు. ఊరికే ఇంట్లో కూచ్చోని మాట్లాడితే అయిపోయె. ఆ పిల్ల తొమ్మిదేండ్లప్పుడు పోయింది ఆ హాస్టలుకు. జిమ్నాస్టిక్సులో రాష్ట్రంలో రెండో నంబరు తెచ్చుకునింది. కర్నూలు డాక్టరు ఫోటోలు తీసి చూసి, ఎముక కలిసింది, ఆడొచ్చు అన్యాడు. ఇంగ నువ్వూ నేనూ ఎవురం?”

“నేను జేజిని. నువ్వు నాయనవి. కడప దర్గాలో చాదర్ కప్పుతానని మొక్కుకున్యా నేను. అందుకే వస్తాండా మీ ఎంట. నేను మొక్కుకున్యది పిల్ల మెడ నిలబడాలని. అది మళ్లీ ఎగరాలని మొక్కుకోల్యా. ఆ పీరుసాబుకు గూడా తెల్సు ఆ సంగతి.”

“లక్ష్మన్న వస్తాండాడు నాయనా. ఇట్లే వస్తాండాడు.”

లక్ష్మన్న కూడా ఎర్రగుంట్ల లారీ డ్రైవరే. రొప్పుతూ వచ్చి హబీబు వైపు తలుపు పట్టుకున్నాడు.

“హబీబన్నా, నువ్వా. మంచిదయింది. జాకీ ఉండాదా నీ కాడ?”

“ఏమయింది లక్ష్మన్నా?”

“నాపరాళ్ల బండి బోల్తా పడింది వంతెన మింద. డ్రైవరు లోపల్నే ఉండాడు. బతికే ఉండాడు, పలుకుతాండాడు. కాళ్లు ఇరుక్కోనుండాయి. ఒగ జాకీ చాల్ల్యా.”

“శిరీనూ, కాళ్లు పైకి పెట్టుకో. సీటు కింద ఉండాది. ఇదో, పట్టుకో లక్ష్మన్నా. గడ్డపార గూడా తీసకపో.”

“నువ్వూ రా అన్నా. ఇట్లాంటి దాంట్లో యాడ ఎత్తాల, యాడ కొయ్యాల నీకైతే తెలుస్తాది. నువ్వే లోపలుండి బయటపడినోనివి.”

“మా యమ్మ ఉండాది. పాప ఉండాది.”

“ఎంతసేపన్నా? ఇట్ల వచ్చి అట్ల పోదువు.”

“బండిలో లోడుండాది లక్ష్మన్నా.”

“లోడు యాటికి పోతాదన్నా?”

“నువ్వు పో. ఆడ ఆ మనిషి... పో. మాట్లాడుకుంటా నిలబడితే ఎట్ల. జాకీ తీసకపో.”

“సరే. సరేలే అన్నా.”

లక్ష్మన్న పరుగెత్తాడు. హబీబు తన పక్క అద్దం పైకెక్కించాడు.

“పోయింటే బాగుండురా. ఆత్మకూరు దాటినాక ఆ ఘాటులో నీ బండి పడిన పొద్దు, కట్టెలకు పోయినోళ్లు నిన్ను బయటికి లాగిరి. మాకు పనుండాది, మేం రాము అనింటే?”

“అమ్మా, ఇడ్సిపెట్టు.”

“ఒగ మాట అడుగుతాండా.”

“జేజీ, ఇడ్సిపెట్టమంటాండాడు గదా నాయన.”

“ఇడ్సిపెడ్తా. అన్నీ ఇడ్సిపెడ్తా. ఫోను మోగుతాంది చూడు, అదన్నా ఎత్తండి.”

“మేడం నాయనా. శివజ్యోతి మేడం.”

“స్పీకరు పెట్టు. ఈ హారన్లలో నాకు వినపడదు. ఆ, చెప్పండి మేడం.”

“హబీబన్నా, ఎంతవరకు వచ్చినారు?”

“దావలోనే ఉండాం మేడం. ముందర ఏదో బండి పడింది. ఆగిపోయినాం.”

“మీకేం కాలేదు గదా?”

“మాకేంల్యా.”

“సరే. ప్రిన్సిపాలు సారుకు చెప్పి పెట్టినా. ఈ రోజు పేరు ఎక్కితే చాలు, ఎన్ని గంటలకైనా రండి. రేపు అయితే మాత్రం నా చేతుల్లో లేదన్నా. సాహితి అని పులివెందుల పాప, ఆ సీటు కోసం కాచుకోని ఉంది. ముందే చెప్పినా ఈ మాట. రెండుసార్లు వస్తామని రాలేదు గదా, అందుకని మళ్లీ చెప్తున్నా.”

“మెడనొప్పి అనింది మేడం, రెండుసార్లూ బయలుదేరే పొద్దే. మీకు తెలీందేముంది.”

“నేను తప్పు పట్టడం లేదన్నా. డాక్టరు ఆడొచ్చు అన్నాడు, ఆడాల అనలేదు. నేను కూడా అనను. అది మీరూ, మీ పాపా అనుకోవాల. వచ్చినా ఆరునెల్లు బార్లు ముట్టనీను. నేల మీదే పని. శిరీను పక్కన ఉందా?”

“ఉన్నా మేడం.”

“మెడ ఎట్లుంది?”

“బాగుంది.”

“నిద్ర పడుతోందా?”

“ఆ... పడుతోంది.”

“భయమేమన్నా ఉంటే చెప్పు.”

“లేదు మేడం.”

“ఉండదులే నీకు. అన్నా, మీకు తెలుసో లేదో, ఇక్కడ చిన్నపిల్లలు ఎవరన్నా పడి ఏడిస్తే నేను మీ సంగతే చెప్తా. శిరీను వాళ్ల నాయన లారీ ఘాటులో పడింది, చెయ్యి విరిగింది, కట్టు విప్పిన రోజే పోయి మళ్లీ స్టీరింగు పట్టినాడు అని. మా పిల్లలందరికీ మీరు తెలుసు.”

“...”

“అన్నా? వినపడుతోందా?”

“వినపడుతాంది మేడం.”

“సరే. జాగ్రత్తగా రండి. తొందరేం లేదు.”

శిరీన్ ఫోను పెట్టేసింది. మొదట నోరు విప్పింది షంషాద్ బీయే.

“మంచి మనిషే ఆ యమ్మ. భయమేమన్నా ఉందా అని అడిగింది. మనింట్లో ఎవురూ అడగల్యా ఆ మాట.”

“డాక్టరు అడిగినాడు గదా అమ్మా, నా ముందరే. ఆడతావా పాపా అన్యాడు. ఆడతా అనింది.”

“ఎవురి మొగం చూసి అనింది?”

“అంటే?”

“డాక్టరు మొగం చూసి అనిందా, నీ మొగం చూసి అనిందా?”

“జేజీ, నేను నేల చూసి అన్యా. చాలా?”

“చాలు. అదే నాకు కావాల్సింది.”

“అమ్మా, నువ్వు దాన్ని చెడగొట్టొద్దు. ఈ పొద్దు పోకపోతే ఇంగ లేదు, విన్యావు గదా. రేపు ఇంట్లో కూచ్చోని ఏడిస్తే ఎవురు ఓదార్చేది? నా వల్లనే పోయింది సీటు అంటాది. జన్మంతా అంటాది.”

“నేనట్ల అనను నాయనా.”

“నోటితో అనవు.”

“మీ యన్న ఖాసిం నవ్వుతాడని గదరా నీ బాధ. నా కడుపున పుట్టినోళ్లే మీరిద్దురూ, నాకు తెలీదా. పిల్ల అట్లాంటి బట్టలేసుకోని నలుగురి ముందర ఎగిరేదేందని మీ యన్న అన్యాడు, నువ్వు వానితో మాట్లాడేది మానేస్తివి. ఇప్పుడు పిల్లని వాపసు తెచ్చుకుంటే వాడు నవ్వుతాడు.”

“నవ్వనీ. దానికి గాదు.”

“మరి?”

“ఈదిలోనోళ్లందురూ నిలబడి చూసిరి అమ్మా ఆ పొద్దు. తొమ్మిదేండ్ల పిల్ల చెయ్యి పట్టుకోని బస్సెక్కితి. నా బిడ్డ ఎట్లుండాల్నో నేను చూసుకుంటా అంటి. ఇప్పుడు ఇంటికి తెచ్చి కూచ్చోపెడితే, ఇన్నేండ్లూ దాని చేత ఊరికే ఎగిరించినట్లు అయితాది. దాని చిన్నతనం అంతా తీసకపోయి ఆ హాస్టల్లో పోసినట్లు అయితాది.”

“నాయనా.”

“ఏం మ్మే?”

“నీకు నన్ను పంపేది ఇష్టం ల్యాకపోతే చెప్పు. నేనేం అనుకోను.”

“నాకెందుకు ఇష్టం ఉండదు? నీ ఇష్టమే నా ఇష్టం.”

“నాకూ అంతే. నీ ఇష్టమే.”

“అట్ల గాదు. నీకేం కావాల?”

“నువ్వు ఏమంటే అది.”

“నేనేమీ అనను. నువ్వే చెప్పాల.”

“చెప్పినా గదా డాక్టరు కాడ.”

“చెప్పినావు. అవును. చెప్పినావు.”

“సరిపోయింది. ఈ రోడ్డు మింద బండ్లే మీకన్నా మేలు. ముందుకు పోరు, ఎనక్కి రారు.”

“జేజీ, ఏందది? అరుపు?”

“బయటికి లాగుతాండారేమో ఆ మనిషిని. యా అల్లా, ఎట్ల అరుస్తాండాడు. రేయ్, మా మింద నుంచి వంగి నా పక్క అద్దం గూడా ఎందుకు ఎక్కిస్తాండావు?”

“దుమ్ము వస్తాంది.”

“గాలే ల్యా నాయనా. దుమ్ము యాడిది?”

“వస్తాంది లే.”

“ఉక్క పోస్తాది. జేజికి ఊపిరాడదు.”

“రొంచేపు ఓర్చుకో మ్మే. రొంచేపే.”

“నాయనా, నీ చేతులు.”

“ఏం?”

“బండి ఆగుండాది గదా. స్టీరింగు ఎందుకు అంత గట్టిగా పట్టుకోనుండావు?”

“అలవాటు.”

“వణుకుతాండాయి.”

“ఇంజను ఆడేదానికి.”

“ఇంజను ఆపి గంటయింది నాయనా.”

షంషాద్ బీ కొడుకు వైపు చూసింది. ఆ తర్వాత తన పక్క తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది.

“నేను దిగుతా. కాళ్లు పట్టుకున్యాయి.”

“యాడికమ్మా ఈ ఎండలో?”

“ఆడ తుమ్మచెట్టు కింద కూచ్చుంటా. నీళ్లసీసా ఇటియ్యి బిడ్డా. మీరు మాట్లాడుకోండి. ల్యాకపోతే మాట్లాడుకోవద్దు. నాకేం.”

ఆమె మెట్టు మెట్టూ పట్టుకుని దిగిపోయింది. తలుపు పడింది. క్యాబిన్‌లో తండ్రీ కూతురూ మిగిలారు.

“ఎప్పట్నుంచి నాయనా?”

“ఏంది ఎప్పట్నుంచి?”

“చేతులు.”

“ఏదో ఈ పొద్దు... అన్నం తినల్యా గదా.”

“తిన్యావు. నేను తినల్యా. నువ్వు తిన్యావు. చెప్పు నాయనా. ఘాటు కాడ్నుంచా?”

“ఊఁ.”

“మూడేండ్లు?”

“రోజూ గాదులే. మామూలు దావలో పర్వాల్యా. ఎదురుగా బండి వచ్చినా పర్వాల్యా. మలుపు ఉండి, దిగుడు ఉండి, ఎనక నుంచి లోడు తోసినట్లయితాది చూడు, అప్పుడు. కాలు బ్రేకు మిందే ఉంటాది. అయినా ఉండాదో లేదో తెలీదు. వంగి చూసుకుంటా, నా కాలు ఉండాదా అని.”

“అమ్మకు తెల్సా?”

“మీ యమ్మకా? లే.”

“జేజికి?”

“ఇందాకటి దాకా తెలీదు. ఇప్పుడు దిగి పోయింది చూడు, తెలిసే పోయింది.”

“ఓనరుకు?”

“ఓనరుకు చెప్తే బండి ఇస్తాడా?”

“మరి కట్టు విప్పిన రోజే పోయి...”

“పోతి. అది నిజమే. కట్టు విప్పిన పొద్దే స్టీరింగు పట్టుకుంటి. మొదటి దిగుడు కాడ బండి పక్కకు ఆపి, టైరు పట్టుకోని వాంతి చేసుకుంటి, అదీ నిజమే. మొదటిది ఊరంతా చెప్పుకున్యారు. రెండోది నేను ఎవురికీ చెప్పల్యా.”

“ఎందుకు పోయినావు అయితే?”

“ఇంగేం పని వస్తాది నాకు? నీ అంత ఉన్యప్పుడు క్లీనరుగా ఎక్కినా. ధైర్యం గాదు మ్మే. దిగేదానికి దావ ల్యాక. మేడం అట్ల చెప్తాంటే నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెలీల్యా. చిన్నపిల్లోళ్లకి చెప్తాదంట. నన్ను చూసి లేచి నిలబడమంటాదంట.”

“నాకూ చెప్పింది. ఆస్పత్రిలో. మెడకు పట్టీ ఏసి పండుకోబెట్టి ఉన్యప్పుడు. మీ నాయన మాదిరి లేస్తావు నువ్వు అనింది.”

“అననీ. ఎవురేమన్నా అననీ. నేను చెప్పేది విను. నాకు దావ ల్యాకపోయె. నీకుండాది. పదిలో మంచి మార్కులొచ్చినాయి, చదువుకోవచ్చు, ఏమన్నా చెయ్యొచ్చు. నా మాదిరి పొద్దున లేస్తానే దావలో ఎన్ని మలుపులుండాయో ఎంచుకుంటా బతకాల్సిన పని ల్యా నీకు. డాక్టరు కాడ నువ్వు ఆడతా అంటావని నేను అనుకోల్యా. నువ్వు వద్దంటావని కాచుకోని కూచ్చుంటి.”

“నవ్వుతా ఉంటివి గదా.”

“నవ్వక? నా బిడ్డ ధైర్యంగా ఆడతా అంటే, నేను ఏడ్చుకుంటా కూచ్చోవాల్నా?”

“నేను చూసినా ఆ నవ్వు.”

“జేజి చెప్పిందే నిజమా? నన్ను చూసే అన్యావా?”

“అట్లని గాదు.”

“మరెట్ల?”

“నాయనా, రెండుసార్లు మెడనొప్పి అన్యా గదా.”

“ఊఁ.”

“నొప్పి ల్యా. నొప్పి పోయి శానా రోజులయింది. పెట్టె సర్దుతాంటే చేతులకు చెమట పట్టె. బార్లు పట్టుకున్యట్లు అనిపించె, జారిపోయినట్లు అనిపించె. పండుకుంటే కింద మంచం లేనట్లుంటాది. పడిన పొద్దు మేడం కాళ్లు ఆడించు, కాళ్లు ఆడించు అంటాంది, నాకు కాళ్లు యాడుండాయో తెలీల్యా. నువ్వు వంగి చూసుకుంటావు గదా, అట్ల వంగి చూసుకునేదానికి గూడా ల్యాకపోయె నాకు, మెడ తిరగదు. ఇప్పుడు గూడా తెల్లారుజామున లేచి ముందు కాళ్లు ఆడించుకుంటా. ఆడినాక గానీ లేవను.”

“యా అల్లా. ఎందుకు చెప్పల్యా మ్మే?”

“నొప్పి అంటే ఎవురూ ఏమీ అడగరు. మందు పూస్తారు, పోతారు. భయం అంటే...”

“భయం అంటే కొడతామా?”

“కొట్టరు. ఏమీ అనరు. హబీబు కూతురికి భయమేంది అని నవ్వుతారు. మేడం గూడా అట్లే గదా అనింది, ఉండదులే నీకు అని. నేను పనికిరాకుండా పోయినా అనుకున్యా. నాయనకు రాంది నాకెందుకు వచ్చింది అనుకున్యా. అది లోపల ఉన్యోళ్లు బార్లు పట్టుకోగూడదేమో, పోయేదాకా ఇంట్లోనే ఉండాలేమో అని కాచుకున్యా. పోల్యా నాయనా. ఎంత కాచుకున్యా పోల్యా.”

“నాకు చెప్పింటే...”

“నువ్వు చెప్పినావా?”

హబీబు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏడవొద్దు నాయనా. ఎవురన్నా చూస్తారు.”

“ఏడవడంల్యా. చెమట.”

అద్దం మీద టకటకమని చప్పుడు. హబీబు మొహం తుడుచుకుని అద్దం దించాడు. లక్ష్మన్న చొక్కా అంతా దుమ్ము.

“బయటికి తీసినాం అన్నా. కాలు ఒగటి విరిగింది గానీ మనిషి బతికినాడు. అంబులెన్సు ఎక్కించినాం. ఇదో నీ జాకీ. ఇది లేకపోతే అయ్యేది గాదు.”

“బతికినాడా?”

“బతికినాడు. నీళ్లు తాగినాడు గూడా. ఒగ పక్క దావ తీస్తాండారు, ఇప్పుడు ఇడుస్తారు బండ్లు. ఎనకాల గూడా రొంత సందు అయింది, తిరిగిపోయేటోళ్లు ఎవురన్నా ఉంటే ఈడే తిప్పుకోమంటాండారు పోలీసోళ్లు. మనం కడపకే గదన్నా?”

హబీబు కూతురి వైపు చూశాడు.

“హబీబన్నా?”

“ఎనక్కి. ఎనక్కి తిప్పుకుంటా లక్ష్మన్నా. రొంత ఎనకోళ్లకు చెప్పు, జరగమని.”

“లోడు?”

“రేపు తోల్తా. మళ్లీ రేపు తోల్తా. నువ్వు చెప్పు ఎనకోళ్లకు.”

“సరే అన్నా, నీ ఇష్టం.”

“అమ్మా. అమ్మా, రా, ఎక్కు. ఇంటికి పోతాండాం. చెయ్యియ్యి, ఆ కడ్డీ పట్టుకో.”

“ఇంటికా? చాదరు?”

“శుక్రవారం నేనే తీసకపోతా దర్గాకు. బస్సులో పోదాం.”

“పిల్ల ఏమనింది?”

“ఏమంటాది. భయమంట దానికి. ఇన్ని రోజులూ నొప్పి గాదంట, భయమంట. నా మాదిరే. ఇంగేం అడగాల దాన్ని? చాలు. మేడముకు నేను చెప్తా ఫోను చేసి, ఆ సాహితి అనే పిల్లకు ఇచ్చుకోమను సీటు. ఖాసిమన్నను నవ్వుకోమను. నీ కోడలు వాకిలి తీస్తాది.”

“బిడ్డా, అంతేనా?”

శిరీన్ వంతెన వైపే చూస్తోంది.

“శిరీనూ, జేజి అడుగుతాంది. చెప్పు. తలకాయన్నా ఊపు.”

“బండి తిప్పొద్దు నాయనా.”

“ఏం మ్మే?”

“నేరుగా పోనీ. కడపకు.”

“భయమని ఇప్పుడే గదా చెప్పినావు?”

“చెప్పినా.”

“పోయిందా ఇంతలోనే?”

“పోల్యా. అట్లే ఉండాది.”

“మరి? నేను ఆ కథంతా చెప్పింది ఎందుకు? మూడేండ్లు కడుపులో పెట్టుకున్యది ఇప్పుడు తీసి నీ ముందర పెట్టింది ఎందుకు మ్మే? నువ్వు దిగాలని. నిన్ను దించుకోని ఇంటికి తీసకపోవాలని.”

“తెల్సు నాయనా. భయం పోకుండానే మూడేండ్లు బండి తోలినావని నాకు ముందే చెప్పింటే, మొదటిసారి పెట్టె సర్దుకున్య పొద్దే పోయుందును.”